గొళ్లానికి తువ్వాల

మా లైన్‌లో పొద్దున పది గంటలకు గట్టిగా తుమ్మినా నేరమే.

ఎందుకో ముందే చెబుతాను, లేకపోతే మిగతా కథంతా గాలివాటమైపోతుంది. గోదావరిఖనిలో మాది కంపెనీ క్వార్టర్ల కాలనీ, ఒక్కో ఇళ్ల వరుసను లైన్ అంటాం. మా దగ్గర బాయి అంటే నీళ్ల బావి కాదు, బొగ్గు గని. రాత్రంతా బాయిలో పనిచేసి ఇల్లు చేరిన మనిషి స్నానం చేసి, ఇంత తిని, కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకుంటాడు. అతను కన్ను మూయగానే, డ్యూటీకి మెడలో వేసుకుపోయిన మసి తువ్వాలను అతని భార్య తలుపు గొళ్లానికి వేలాడదీస్తుంది. గొళ్లానికి తువ్వాల ఉందంటే లోపల నైట్ షిఫ్ట్ మనిషి నిద్రలో ఉన్నాడని. ఇక ఆ తలుపు చుట్టాలు కూడా కొట్టరు. పక్కింట్లో కుక్కర్ పెట్టరు. కూరగాయల కొమురెల్లి నోరు మూసుకుని బండి తోసుకుంటూ వెళ్లిపోతాడు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో నాకు తెలియదు గానీ, నాకు నడక రాకముందు నుంచే ఉంది.

అలాంటి లైన్‌లో ఆ రోజు పొద్దున, సరిగ్గా మా తలుపు పక్కన నిలబడి, "వంకాయలూ... బెండకాయలూ..." అని కొమురెల్లి పొలికేక పెట్టాడు.

నోట్లో బ్రష్‌తోనే బయటికి ఉరికాను. "కాకా! దిమాక్ గిట్ల ఖరాబైందా? నాయిన పండుకున్నడు!"

"పండుకుంటే తువ్వాలేది మరి?" అన్నాడు కొమురెల్లి.

చూస్తే గొళ్లెం బోడిగా ఉంది. పక్కింటి గొళ్లెం బోడి. అటుపక్కది కూడా బోడే. లైన్ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క తువ్వాల లేదు. నా వెనక తలుపు తెరుచుకుంది. మా నాయిన ముత్యం లుంగీ బిగించుకుంటూ వచ్చాడు, కళ్లు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఎవల్రా లొల్లి చేసేది?"

లైన్ చివర నల్లా దగ్గర్నుంచి దబ్ దబ్ మని చప్పుడు వస్తోంది. అటు పరుగెత్తాను. అక్కడ మా కాలేజీ ఎన్ఎస్ఎస్ బ్యాచ్ దిగి ఉంది. టోపీలు, బకెట్లు, సర్ఫ్ ప్యాకెట్లు, నురగే నురగ. మధ్యలో ఒకమ్మాయి చున్నీ నడుముకు బిగించి, మా లైన్ తువ్వాలలను బండకేసి బాదుతోంది. ఆమె ముక్కు మీద కూడా కాస్త నురగ ఉంది.

"ఏయ్! ఏం చేస్తున్నరు?"

"కనవడ్తలేదా అన్నా? ఉతుకుతున్నం."

"ఎవలియి?"

"మీయే. లైన్ మొత్తం తలుపులకు మసిగుడ్డలు ఏలాడుతున్నయ్. పరిశుభ్రత, పరిశుభ్రత అని స్లోగన్లిచ్చుకుంట పోతే ఏమొస్తది, చేసి చూపియ్యాలె అనుకున్నం. థ్యాంక్స్ చెప్పుడు పోయి గట్ల మీదికొస్తవేంది?"

"మిమ్మల్ని అడిగిన్రా ఎవలన్న?"

"మేమే అడుగుదామంటే ఒక్క తలుపన్న తీసి ఉన్నదా? మా ఊర్ల గీ ఏళ్లకు ఒక మడి నాటేసి ఇంటికొస్తరు. మీరేమో పొద్దు నెత్తి మీదికొచ్చినా ముసుగు తియ్యరు."

"రాత్రంత బాయిల ఉండొచ్చిన్రు! పండుకోక కబడ్డీ ఆడుతరా? గా తువ్వాల ఉంటే లేపొద్దని గుర్తు!"

ఎత్తిన తువ్వాల ఎత్తినట్టే ఆగిపోయింది. ఆమె లైన్ వైపు చూసింది. ఒక్కొక్క తలుపూ తెరుచుకుంటోంది. ఎర్రటి కళ్లతో మనుషులు గడపల్లో నిలబడి, ఏమైందో అర్థం కాక అటూ ఇటూ చూస్తున్నారు.

"అయ్యో!" అంది, చాలా చిన్నగా.

నా దగ్గర ఇంకా బోలెడు తిట్లు మిగిలి ఉన్నాయి. ఆ ఒక్క 'అయ్యో'తో సగం కరిగిపోయాయి. మిగతా సగం తిడదామంటే, ముక్కు మీది నురగ చూస్తూ తిట్టడం ఎవరి వల్లా కాదు.

ఆమె నాకు ముఖపరిచయమే. పేరు తిరుమల. బీఎస్సీ రెండో సంవత్సరం, జైపూర్ దగ్గరి ఊరు, హాస్టల్లో ఉంటుంది. మా కాలేజీ క్యాంపుకు ఒక ఆడపిల్ల లీడర్ కావడం అదే మొదటిసారి. నేను బీకాం ఫైనల్. ఎన్ఎస్ఎస్‌కు రమ్మని లింగమూర్తి సార్ పిలిచినప్పుడల్లా కాలు నొప్పి అని తప్పించుకునేవాణ్ని. ఒకసారి కుడికాలు, ఒకసారి ఎడమకాలు చెప్పాను గానీ, సార్ మంచివాడు కాబట్టి నిలదీయలేదు.

తువ్వాల కంటే గట్టి నియమం మా ఇళ్లలో ఇంకొకటుంది. నిద్ర లేని మనిషిని బాయికి పంపకూడదు. గని పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టే పని మా నాయినది. అక్కడ ఒక్క కునుకు పడితే ఇక ఇంటికొచ్చే మాటే ఉండదు. ఆ సాయంత్రం మా అమ్మ సారలమ్మ ఆయన టిఫిన్ డబ్బాను తోమి, సర్దకుండా, అరలో బోర్లించింది. డబ్బా బోర్లించిందంటే ఇక అప్పీలు లేదు. లైన్‌లో నైట్ షిఫ్ట్ వాళ్లంతా ఆ రాత్రి డ్యూటీకి నాగా పెట్టారు. జ్వరమొచ్చినా నాగా పెట్టని మా నాయినకు అది చెంపదెబ్బ.

"ఎల్లుండి కాలేజీకి పోత," అన్నాడు మంచం మీద కూర్చుని. "మీ ప్రిన్సిపాల్‌తోని మాట్లాడ్త. గీ క్యాంపు గిక్కడ బంద్ కావాలె."

ఆయన తక్కువ మాట్లాడతాడు. మాట్లాడితే చేస్తాడు. అదే భయం.

కాసేపటికి నా దోస్తు అమీర్ రొప్పుతూ వచ్చాడు. వాడు ఎన్ఎస్ఎస్ బ్యాచే. నన్ను గోడ పక్కకు లాగాడు.

"అరే వేణూ, మీ నాయినను ఆపురా. కంప్లైంట్ పోయిందంటే ఆ తిరుమల చదువు ఖతం. వాళ్ల నాయిన బిక్షం షరతు పెట్టి మరీ పంపిండట. కాలేజీల నీ మీద ఒక్క మాట వచ్చినా పుస్తకాలు సదురుకొని ఇంటికి రావాలె అన్నడట. అక్కడ మా క్యాంపు దిగిన స్కూల్ల కూసొని ఒకటే ఏడుసుడు."

"నాకెందుకురా గదంత?"

"నాకేం ఎరుక? పొద్దటి సంది ఆ పిల్ల ముక్కు గురించే మాట్లాడుతున్నవ్."

ఇంతలో తిరుమలే వచ్చింది. చేతుల మీద మడత పెట్టిన తువ్వాలలు, పాలనురుగులా తెల్లగా. లైన్ ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. అప్పుడు బయటపడింది అసలు చిక్కు. ఏ తువ్వాల ఎవరిదో ఎవరికీ తెలియడం లేదు.

"మా ఆయనది అంచుకు మసి ఉండె," అంది ఒకామె.

"అందరియి అంచుకే గదనే మసి," అంది ఇంకొకామె.

మా అమ్మ ఒక తువ్వాల తీసి వాసన చూసింది. "బొగ్గు వాసన లేదు, బీడీ వాసన లేదు. గిది మా ఇంటిదని ఎట్ల చెప్పాలె? కొత్త పెండ్లికొడుకుది లెక్కున్నది," అని పకపకా నవ్వింది. అందరూ నవ్వారు. మా నాయిన నవ్వలేదు.

తిరుమల ఆయన ముందుకెళ్లి నిలబడింది. "కాకా, తప్పైంది. అడగకుండ ముట్టుకున్న. తిట్టున్రి, పడ్త. కాలేజీకి మాత్రం పోకున్రి. మా నాయిన చదువు బంద్ చేయిస్తడు."

"తిడితే నాకేమొస్తది?" అన్నాడు నాయిన. "పోయింది నిద్ర. నిద్ర తెచ్చియ్యి."

"ఎట్ల?"

"రేపు రాత్రి డ్యూటీకి పోత. ఎల్లుండి పొద్దున వచ్చి పండుకుంట. నా అంతట నేను లేసేదాక గీ లైన్ల సప్పుడు కావొద్దు. ఎవలన్న లేపిన్రంటే, అట్నుంచి అటే కాలేజీకి పోత."

"సరే కాకా," అంది తిరుమల. మా అమ్మ లోపల్నుంచి చాయ్ తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. ఏడ్చి వచ్చిన పిల్లకు చాయ్ ఇవ్వడానికి మా అమ్మ ఎవరి పర్మిషనూ అడగదు.

వీధి దాకా ఆమె వెనకాలే వెళ్లాను. "నేను కూడ వస్త ఎల్లుండి."

"నువ్వొద్దన్నా. నా ఉతుకుడుకు సగం మంది లేసిన్రు, నీ అరుపుకు మిగిలినోళ్లు లేసిన్రు."

నిజమే కాబట్టి చాలా కోపమొచ్చింది. "నేను గీ లైన్ల పుట్టిన. ఏ మూలకెల్లి సప్పుడొస్తదో నాకెరుక. నేను లేకపోతే నీ పని ఖతం."

ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది. "సరే, రా అన్నా."

"ఒక షరతు. అన్న అనొద్దు."

"మరేమనాలె?"

"పేరున్నది. వేణుమాధవ్."

"గంత పొడుగు పేరు మెల్లగ ఎట్ల పిలుస్తరు?" అని వెళ్లిపోయింది. నవ్విందో లేదో చీకటి పడుతుండడంతో కనబడలేదు.

ఎల్లుండి పొద్దున మబ్బు పట్టి ఉంది. నాయిన వచ్చాడు, తిన్నాడు, పడుకున్నాడు. అమ్మ గొళ్లానికి తువ్వాల వేసింది. అప్పటికే ఒక డ్యూటీ చేసి వచ్చింది కాబట్టి దానికి మళ్లీ కాస్త మసి పట్టి, కాస్త కళ వచ్చింది.

వాలంటీర్లు లైన్‌కు రెండు పక్కలా కాపలా నిలబడ్డారు. ఆ చివర అమీర్, ఈ చివర తిరుమల, మధ్యలో నేను. అంట్లన్నీ క్యాంపు పిల్లలే మోసుకుపోయి అవతలి లైన్ నల్లా దగ్గర తోమారు. ఐస్‌క్రీమ్ బండి వస్తే దాని గంటకు ఒకమ్మాయి రుమాలు చుట్టేసింది. కొమురెల్లి సొరకాయను చేత్తో పైకెత్తి చూపిస్తూ, నాటకంలో రాజు కత్తి పట్టుకున్నట్టు మౌనంగా నడిచాడు.

మాట్లాడకూడదు కాబట్టి నేనూ తిరుమలా సైగలు చేసుకున్నాం. ముందు పని సైగలే. అటు చూడు, ఇటు పో, కుక్కను తరుము. తర్వాత పని అయిపోయింది గానీ సైగలు అయిపోలేదు. ఆమె ఇటు చూసినప్పుడు నేను ఆకాశం చూశాను. నేను అటు చూసినప్పుడు ఆమె చెప్పు సరిచేసుకుంది. ఇద్దరం ఒకేసారి చూసినప్పుడు చూడ్డానికి ఆకాశమూ లేదు, చెప్పూ లేదు. నోరు మూసుకుంటే మనిషి ఇంత చూస్తాడని నాకు ఇరవయ్యేళ్లు వచ్చేదాకా తెలియలేదు.

అప్పుడు నా జేబులో ఫోన్ మోగింది.

ఆ రోజుల్లో నా రింగ్‌టోన్ పెళ్లి బ్యాండు మేళం. వాల్యూమ్ ఫుల్. బటన్ నొక్కితే ఆగలేదు, ఇంకోటి నొక్కితే స్పీకర్ ఆన్ అయింది. తిరుమల ఈ చివర్నుంచి ఉరికి వస్తోంది. 'కావాలనే చేసినవ్ కదా!' అని ఆ కళ్లు అరుస్తున్నాయి. ఇక ఏమీ తోచలేదు. మా ఇంటి ముందున్న నీళ్ల డ్రమ్ములో చెయ్యి మోచేతి దాకా పెట్టి ఫోన్‌ను ముంచేశాను. లోపల కాస్త గుడగుడమని, ప్రాణం వదిలింది.

తిరుమల డ్రమ్ములోకి చూసింది. నన్ను చూసింది. రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుని, భుజాలు ఊగిపోతుండగా గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. నవ్వు ఆపుకోలేక కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. నేను పడిపోయింది అక్కడే. ఫోన్ ఒక్కటే మునిగిందని లోకం అనుకుంది.

ఫోన్ చేసింది అమీర్. ఎందుకు చేశాడో మరుక్షణమే తెలిసింది. దూరంగా డప్పులు.

తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉన్న రోజులవి. రోజూ ఏదో ఒక ర్యాలీ. ఆ రోజు మా కాలేజీ పిల్లలే డప్పులతో, జెండాలతో చౌరస్తా దిక్కు పోతున్నారు, అదీ మా లైన్ మీదుగా.

"ఇప్పుడెట్ల?" అంది తిరుమల పెదాలతోనే. నేను జవాబు వెతుక్కునే లోపే రోడ్డు మధ్యకు పరుగెత్తింది. సరిగ్గా అప్పుడే చినుకులు మొదలయ్యాయి. అంత పెద్ద ర్యాలీకి ఎదురుగా ఒక్కతే నిలబడి, ముందు చేతులు జోడించింది, తర్వాత పెదాల మీద వేలు పెట్టుకుంది.

ముందున్న వీరేందర్ డప్పు ఆపాడు. వాడు అప్పటికే డిగ్రీ అయిపోయిన మా సీనియర్, గొంతు విప్పితే మైకు అక్కర్లేదు. "ఎవలమ్మా నువ్వు? తెలంగాణకు అడ్డం నిలవడ్తవా?"

"తెలంగాణ నాక్కూడ కావాలె అన్నా," అంది తిరుమల గుసగుసగా. "కాని గీడ పండుకున్నోళ్లు ఎవలు? తెలంగాణోళ్లే గదా. రాత్రంత బొగ్గు తీసొచ్చిన్రు. గీ ఒక్క లైన్ దాటేదాక డప్పు సంకల పెట్టుకోన్రి. నీ కాళ్లు మొక్కుత."

వీరేందర్ తలుపుల వైపు చూశాడు. వరుసగా తువ్వాలలు. వాడూ కార్మికుడి కొడుకే. డప్పును చంకలో పెట్టుకున్నాడు. వంగి చెప్పులు విప్పి చేత పట్టుకున్నాడు. వెనకవాళ్లంతా అలాగే విప్పారు. అంతమందీ వానలో, ఒట్టి కాళ్లతో, పిల్లుల్లా మా లైన్ దాటారు. పిడికిళ్లు ఎత్తి, నోళ్లు పూర్తిగా తెరిచి, చప్పుడు లేకుండా జై తెలంగాణ అన్నారు. నేను చాలా ర్యాలీలు చూశాను, కొన్నింట్లో అరిచాను కూడా. ఒళ్లు జలదరించింది మాత్రం ఆ ఒక్కదానికే.

ర్యాలీ దాటగానే వాన పెద్దదైంది. వరండా రేకుల మీద దడదడమని ఒకటే మోత. తిరుమల తడిసి ముద్దై నా దగ్గరికొచ్చింది. ఈసారి నిజంగానే ఏడుపు గొంతు.

"అందరినీ ఆపిన. వాననెట్ల ఆపాలె వేణూ?"

నా పేరు ఆమె నోట అదే మొదటిసారి. ఇంకోసారి విందామని కాసేపు అలాగే ఉన్నాను.

"పిచ్చిదానా, వానను ఆపుడెందుకు? గీ సప్పుడుకు నైట్ షిఫ్టోళ్లు ఇంక మంచిగ పండుకుంటరు. మా నాయినైతే గురక కూడ పెడ్తడు," అని మా వరండాలో ఉన్న యూరియా సంచిని తెచ్చి ఆమె తల మీద కప్పాను. ఉన్నది ఒకటే సంచి. కాసేపు మర్యాదగా బయటే తడిశాను. తర్వాత ఆమే అంచు ఎత్తి పట్టింది.

సాయంత్రానికి వాన వెలిశాక మా తలుపు తెరుచుకుంది. నాయిన ఒళ్లు విరుచుకుని, ఆకాశం చూసి, తడిసిన నేల చూశాడు.

"వానొచ్చిందా?" అన్నాడు.

అంతే. ఆ ఒక్క మాటకు తిరుమల ఎగిరి అమీర్ టోపీ లాగి గాల్లోకి విసిరింది. నాయిన గొళ్లానికున్న తువ్వాల తీసి ఆమె చేతికిచ్చాడు. "తల తుడుసుకో బిడ్డా, సర్ది చేస్తది." రెండడుగులు వేసి ఆగాడు. "తుడుసుకొని గట్లనే ఇయ్యి. మల్ల ఉతుకకు."

క్యాంపు ఆగలేదు, కానీ మారింది. తిరుమల స్లోగన్ల అట్టలు పక్కన పెట్టి, సాయంత్రాలు ఇంటింటికీ వెళ్లి, "మీకేం కావాలె?" అని అడిగింది. పగటి నిద్రకు ఎండ పెద్ద శత్రువు, కిటికీల మీద నీడ కావాలన్నారు ఆడవాళ్లు. క్యాంపు వాళ్లు ప్రతి కిటికీకి ఎదురుగా ఒక కానుగ మొక్క నాటారు. నా కాళ్ల నొప్పులు రెండూ ఒకేసారి తగ్గిపోయాయి. గుంతలు తవ్వుతున్న నన్ను చూసి లింగమూర్తి సార్, "ఏ మందు వాడినవయ్యా?" అని అడిగాడు. తిరుమల మొక్క పట్టుకుని నా పక్కనే ఉంది. సార్ ఇక రెండో ప్రశ్న వేయలేదు.

మునిగిన ఫోన్‌ను చౌరస్తాలో అమీర్ వాళ్ల మామ మన్సూర్ షాపుకు తీసుకుపోయాను. అది బాగయ్యేదాకా అక్కడే కూర్చుని చూసి చూసి, డిగ్రీ అయ్యాక అదే పనిలో కుదురుకున్నాను. ఫోన్ బతికింది గానీ రింగ్ మాత్రం పోయింది, ఒట్టి వణుకుడే మిగిలింది. తిరుమలకు ఆ సంగతి తెలిసి రోజూ మిస్డ్ కాల్ ఇచ్చేది. జేబులో వణికితే నాకు ఎక్కడెక్కడో వణికేది.

డిగ్రీ అయ్యాక ఆమె ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుకు కరీంనగర్ వెళ్లింది. క్యాంపుల్లో రక్తదానాలు చేయించీ చేయించీ ఆ పని మీద మనసు పడింది. బస్సెక్కించడానికి నేను వెళ్లాను. మళ్లీ వానే. కిటికీ పక్కన కూర్చుని ఆమె, కింద తడుస్తూ నేను.

"వేణూ, ఒకటి అడగాలె."

"అడుగు."

"అడగకుండ ఏదీ ముట్టుకోవద్దని మీ లైన్ల నేర్చుకున్న. అందుకే అడుగుతున్న. నువ్వంటే నాకు మస్తు ఇష్టం. నేనంటే నీకిష్టమేనా?"

నాలుగు నెలలుగా అద్దం ముందు నేను ప్రాక్టీస్ చేస్తున్న మాటలు అవి. ఆమె అంత సులువుగా అనేసేసరికి నా నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. కండక్టర్ రైట్ రైట్ అన్నాడు.

"సప్పుడు చెయ్యవేంది?" అంది తిరుమల. "గీడ ఎవలూ పండుకోలేదు!"

"ఇష్టమే!" అని అరిచాను. బస్సులో అందరూ తిరిగి చూశారు. ఒక ముసలవ్వ, "మంచిగున్నది బిడ్డా, ఇంగ బస్సు పోనియ్యి," అంది.

కానీ ఇంట్లో చెప్పడం దగ్గర నా ధైర్యం అయిపోయింది. బస్టాండులో అరవడం వేరు, మా నాయిన ముందు నోరు విప్పడం వేరు. వాళ్ల ఊరు వేరు, కులం వేరు, బిక్షం సంగతి తెలిసిందే. రేపు చెబుతా, ఎల్లుండి చెబుతా అంటూ నెట్టుకొచ్చాను. ఇంతలో తిరుమలకు మా ఊరి దవాఖానలోనే ఉద్యోగం దొరికింది. మా లైన్ చివర ఒక గది కిరాయికి తీసుకుంది. మా అమ్మే చూపించింది. ల్యాబ్‌లో నైట్ డ్యూటీ పడినప్పుడు ఆమె పొద్దున వచ్చి పడుకునేది. పాలవాడు తలుపు కొట్టేవాడు, పేపరువాడు కొట్టేవాడు, సగం నిద్రతోనే మళ్లీ డ్యూటీకి పోయేది.

"తువ్వాల ఏసుకోరాదూ," అన్నాను.

"ఎవలింటి తువ్వాల ఏసుకోవాలె? నేను గీ లైన్ల ఏ ఇంటిదాన్ని?" అంది. కోపంగా అనలేదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది. మా లైన్‌లో తలుపుకు వేసేది ఆ ఇంటి తువ్వాలే. నేను నాది తీసుకెళ్లి వేస్తే ఊరంతా చాటింపు వేసినట్టే. "జల్ది చెప్పు వేణూ. మా నాయిన సంబంధాలు చూస్తున్నడు," అంది.

జూన్ రెండున తెలంగాణ వచ్చింది. రాత్రి నుంచే ఖని అంతా పటాకులు. తిరుమల నైట్ డ్యూటీలో ఉండి, పొద్దున వచ్చి పడుకుంది. పది గంటలకు నేను షాపులో ఉండగా అమీర్ కేక పెట్టాడు. వీరేందర్ బ్యాచ్ విజయోత్సవ ర్యాలీ మా కాలనీ దిక్కే పోతోందని. ఎన్ని డప్పులో చెప్పలేను. తిరుమల నిద్ర గుర్తొచ్చి అడ్డదారిన ఉరికాను.

ఉరికి, లైన్ మొదట్లోనే ఆగిపోయాను. రోడ్డు మధ్యలో మా నాయిన నిలబడి ఉన్నాడు. పెదాల మీద వేలు. ఎదురుగా ర్యాలీ మొత్తం ఆగి ఉంది. వీరేందర్ అప్పుడే చంకలో డప్పు పెట్టుకుని చెప్పులు విప్పుతున్నాడు.

నాయిన వెనక, తిరుమల గది గొళ్లానికి ఒక నల్లటి మసి తువ్వాల వేలాడుతోంది. ఆ పండగ పూట లైన్ మొత్తానికి ఉన్నది ఆ ఒక్క తువ్వాలే, అదీ మా ఇంటిదే. లైన్ ఆడవాళ్లంతా గడపల్లో నిలబడి ఆ తువ్వాలనే చూస్తున్నారు. ఎవరికీ ఎవరూ వివరించనక్కర్లేదు.

"నాయినా," అన్నాను. "గది మన తువ్వాల."

"మనదే. మన ఇంటి పిల్ల నైట్ డ్యూటీ చేసొచ్చి పండుకుంటే ఎవలింటిది ఏస్తరు మరి?"

"నీకెట్ల ఎరుక?"

"గా వాన దినం దూపై నీళ్లకు లేసిన. దుప్పటి జరిపి కిటికీల కెల్లి చూస్తే ఒకటే సంచి కింద ఇద్దరున్నరు. గప్పటి సంది చూస్తున్న, గాడిద కొడుకు ఎన్నడు చెప్తడా అని. లైన్ల అరవనీకె నోరున్నది, నాకు చెప్పనీకె లేదు."

"మరి లేస్తే కాలేజీకి పోత అన్నవ్..."

"ఎవలన్న లేపితే పోత అన్న. నన్నెవలు లేపలే, దూప లేపింది." ఆయన పెదాల కింద నవ్వులాంటిదేదో కదిలింది. "వచ్చే ఆదివారం ప్లేడే, డ్యూటీ లేదు. నేను, మీ అమ్మ బిక్షం తాన్కి పోతున్నం. నిన్ననే ఫోన్ చేసిన. రమ్మన్నడు."

నాకు ఏడుపొచ్చింది. రాష్ట్రం వచ్చిందని ఏడుస్తున్నాననుకుని వీరేందర్ నా భుజం తట్టాడు.

అప్పుడే తలుపు తెరుచుకుంది. చెదిరిన జుట్టుతో, ఎర్రటి కళ్లతో తిరుమల బయటికొచ్చింది. "ఏంది, గింత సప్పుడు లేదు? ఎవలన్న పోయిన్రా?" అంటూనే గొళ్లెం చూసింది. తువ్వాలను చేత్తో పట్టుకుంది. దగ్గరికి తీసుకుని వాసన చూసింది, మా అమ్మ చూసినట్టే. ఈసారి అది ఎవరింటిదో ఎవరినీ అడగలేదు. నన్ను చూసింది, నాయిన పెదాల మీది వేలు చూసింది, కళ్ల నిండా నీళ్లు తిరిగాయి.

తువ్వాలను గొళ్లెం మీంచి తీసి భుజాన వేసుకుంది.

"రాష్ట్రమొచ్చిన్నాడు ఎవలన్న పండుకుంటరా మామా?" అంది లైనంతా వినేటట్టు. "వీరేందరన్నా, కొట్టు!"

మామా. నాలుగేళ్లుగా కాకా అని పిలిచిన పిల్ల మామా అంది. మా అమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. ఆ తర్వాత డప్పుల మోతలో ఇంకేమీ వినిపించలేదు. పొద్దున పది గంటలకు మా లైన్‌లో అంత చప్పుడు ఎన్నడూ కాలేదు. కానుగ చెట్ల మీది పిట్టలన్నీ లేచిపోయాయి. మా నాయిన లుంగీ ఎగ్గట్టి డప్పుకు తగ్గట్టు రెండు అడుగులు వేశాడు కూడా. ఆయనకు అడుగు వేయడం వచ్చని మా అమ్మకే తెలియదు.

తిరుమల వచ్చి నా పక్కన నిలబడి, అందరి ముందూ నా చెయ్యి పట్టుకుంది.

నాయిన అడుగులు వేస్తూనే నా దిక్కు తిరిగి ఏదో అన్నాడు. వినబడలేదు. దగ్గరికెళ్లి చెవి పెడితే డప్పుల కంటే గట్టిగా అరిచాడు.

"గా తువ్వాల మాత్రం ఉతుకొద్దని చెప్పు!"